మిర్యాలగూడ కాంటా దగ్గర ఆగిన అక్క ప్రోగ్రాం

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి వరండాలో కూర్చుని లాప్‌టాప్‌లో ఏదో పని చేసుకుంటుంటే, పక్కనే పేపరు చదువుకుంటున్న నా చూపు అనుకోకుండా దాని తెర మీద పడింది. నల్లటి తెర మీద ఎర్రటి అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. కళ్ళజోడు సర్దుకుని చదివితే, ఫలానా భాగం కనబడడం లేదనీ, అది లేకుండా ముందుకు పోవడం కుదరదనీ ఇంగ్లీషులో రాసి ఉంది. ఇక దాని పని ఆగిపోయినట్టే అనుకున్నాను. అమ్మాయి మాత్రం ఫోనులో స్నేహితురాలితో చీర అంచు గురించి మాట్లాడుతూనే ఒంటిచేత్తో ఏదో ఒక వరుస కొట్టింది. ఆ లేని భాగం ఎక్కడి నుంచో దానంతట అదే దిగివచ్చింది, ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. ఏమైందమ్మా అని అడిగితే, "ఒక ప్యాకేజీ లేదన్నది నాన్నా, వేసేసిన" అని మళ్ళీ చీర సంగతిలో పడిపోయింది. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆ తర్వాత అందులో ఒక్క వార్త కూడా నా బుర్రకెక్కలేదు.

కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్ళిన రోజులు నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అప్పుడు నేను సూర్యాపేటలో ఒక మందుల దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఇంటర్మీడియట్ దగ్గర చదువు ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. మధ్యాహ్నం దుకాణానికి గిరాకీ పలచబడగానే గ్రంథాలయానికి పరుగెత్తేవాణ్ణి. గ్రంథపాలకుడు, ముక్కోపి అయినా మనసున్న పెద్దాయన, నన్ను చూడగానే లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. దాన్ని పక్కన పెట్టుకుని తేనెటీగల గురించీ, గ్రహణాల గురించీ, ఆవిరియంత్రాల గురించీ, చేతికి దొరికిన ప్రతిదీ చదివాను. ఆ తర్వాత జీవితంలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళ మధ్య కూర్చున్నప్పుడు కూడా నాకు తక్కువతనం అనిపించలేదంటే అది ఆ గ్రంథాలయం బెంచీ చలవే. ఈ మాట ఇప్పటికీ కాస్త గర్వంగానే చెప్పుకుంటాను.

నాకంటే పెద్దదైన మా అక్క లెక్కల్లో డిగ్రీ చేసి, పెళ్ళయ్యాక సూర్యాపేటలోనే ఒక కంప్యూటర్ ఇనిస్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. బావది చివ్వెంల మండలాఫీసులో ఉద్యోగం, రోజూ స్కూటరు మీద పోయి వచ్చేవాడు. అక్కకు ఇంగ్లీషు వాక్యాలంటే చిరాకు, నాకు యంత్రమంటే భయం. అందుకని గ్రంథాలయానికి వచ్చిన కంప్యూటర్ పుస్తకాలు నేను చదివి వాక్యం విప్పి చెబితే, ఆమె ఆ సంగతిని మిషను మీద పెట్టి చూసేది. అట్లా ఇద్దరం కలిసి విజువల్ బేసిక్ అనే దాన్ని నేర్చుకున్నాం. నేర్చుకున్నది ఆమె, నేను పక్కన ఉన్నాను అంటే ఇంకా నిజం.

బావకు తెలిసిన ఒక సేటుకు మిర్యాలగూడలో రైసు మిల్లు ఉండేది. వడ్ల బండి తూకం వేసే కాంటా ఎక్కితే, మీటరులో కనబడే అంకెను గుమాస్తా చూసి చిట్టీ మీద రాసేవాడు. ఆ అంకె తీగ గుండా నేరుగా కంప్యూటరులోకి వచ్చి, రైతు పేరుతో సహా చిట్టీ అచ్చయ్యేలా అక్క ఒక ప్రోగ్రాం రాసింది. తీగలో వచ్చే అంకెను వినే పని మాత్రం ఆమె రాసింది కాదు. దానికి విజువల్ బేసిక్‌తో పాటే వచ్చే తయారీ భాగం ఒకటుంది, తెర మీద చిన్న టెలిఫోను బొమ్మలా కనిపిస్తుంది. దాన్ని తెచ్చి తన ప్రోగ్రాంలో కూర్చోబెట్టింది. మిల్లులో మొదటిసారి ఎక్కించేటప్పుడు ఇనిస్టిట్యూట్ సారు తన సీడీతో వచ్చి అన్నీ ఆయనే చేసిపెట్టారు. తర్వాత కొన్నాళ్ళకే ఆయన హైదరాబాదు వెళ్ళిపోయారు.

వేసవి వడ్లకు ఆ ప్రోగ్రాం చక్కగా పనిచేసింది. వానాకాలం పంట కూడా దీని మీద గట్టెక్కితే మిగతా మిల్లుల వాళ్ళకు తానే చెబుతానని సేటు మాటిచ్చాడు. కోదాడలో మా బాబాయి ఇంటి ముందుగదికి రోడ్డు వైపు తలుపుంది. అందులో సొంతంగా కంప్యూటర్ సెంటర్ పెట్టుకోవాలని అక్క కల. బోర్డుకు ఏ రంగు వేయించాలో కూడా అనుకుంది. బావ చెడ్డవాడు కాడు, కాకపోతే నెల జీతం మీద బతికే ఇంట్లో పుట్టినవాడు. ఈ పంటతో మిల్లుల పని నిలబడితే సరే, లేదంటే బీఎడ్ చేసి టీచరు కావాలన్నాడు. అక్క సరేనంది. నిలబడుతుందన్న ధీమా ఆమెది.

దసరా వచ్చింది. ఆ రోజు మనవైపు కత్తి నుంచి లారీ దాకా బతుకు తెరువిచ్చే ప్రతి వస్తువునూ కడిగి బొట్టుపెట్టి పూజ చేస్తారు కదా, మిల్లులో కూడా కాంటాకు పూజ చేసి, కొత్త పంట మొదటి బండిని తూచి, మొదటి చిట్టీని అమ్మవారి పటం ముందు పెట్టడం ఆనవాయితీ. అక్క పట్టుచీర కట్టుకుంది, నేను వెంట వెళ్ళాను. కంప్యూటరుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. గుమాస్తా ముఖం వెలిగిపోతోంది.

"పండుగకు లారీలు కడిగినం, కాంటా కడిగినం, దీన్నొక్కదాన్ని ఎట్ల ఇడిసిపెడ్తమమ్మా? నిన్న మెకానిక్ కాడికి పంపి లోపలున్నదంత తుడిపిచ్చి, విండోసు కొత్తగ ఎక్కిచ్చిన. నీ ఫోల్డరు మాత్రం పైలంగ తీసి పెట్టిచ్చి మళ్ళ ఏపిచ్చిన, సూస్కో."

ఫోల్డరు ఉంది, అందులో ఫైళ్ళన్నీ ఉన్నాయి. అక్క సంతోషంగా తలూపింది. మాడుగులపల్లి నుంచి వచ్చిన ట్రాక్టరు కాంటా ఎక్కింది. పంతులు కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. అక్క ప్రోగ్రాం మీద నొక్కింది. చిట్టీ రావలసిన చోట ఒక చిన్న చతురస్రం వచ్చి, ఒక భాగం లేదు, లేదా సరిగా నమోదు కాలేదు అంది. మళ్ళీ నొక్కింది. అదే మాట. కంప్యూటరు ఆపి మళ్ళీ వేసింది. అదే.

"వడ్లు జోకుతదా, జాతకం సెప్తదా అక్కా?" అన్నాడు ట్రాక్టరు మీద కూర్చున్న రైతు. అందరూ నవ్వారు. సేటు నవ్వలేదు. "ఏందమ్మా, పండుగ పూట మొదటి బండికే గిట్ల మొండికేసె" అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనం నాకు తిట్టుకంటే ఎక్కువగా గుచ్చుకుంది. చివరికి గుమాస్తా చేత్తో చిట్టీ రాసి అమ్మవారి ముందు పెట్టాడు. మేము బయలుదేరుతుంటే సేటు ఒక్క మాట అన్నాడు, "దీపావళికి బండ్లు లైను కడ్తయి. ఆ లోపల బాగు చేస్తే చెయ్, లేకుంటే మా పాత రాతే మాకు మంచిగున్నది."

ఈనాడైతే నవ్వొచ్చేంత చిన్న సంగతి. ఆ టెలిఫోను బొమ్మ భాగం అక్క ఫోల్డరులో ఉండదు. సారు సీడీ దాన్ని విండోసు తాలూకు సొంత ఫోల్డరులో పెట్టి, కంప్యూటరుకు దాని ఉనికి నమోదు చేయించింది. మెకానిక్ తుడిచినప్పుడు అది కూడా తుడుచుకుపోయింది. ఆ ఒక్క ఫైలు తెచ్చి పెట్టి, ఒక్క ఆజ్ఞ కొడితే అయిపోయేది. కానీ అక్కకు తన ప్రోగ్రాం అంటే తన ఫోల్డరే. అడుగుదామంటే సారు లేరు. ఇనిస్టిట్యూట్‌కు పండుగ సెలవులు, గ్రంథాలయానికి తాళం. మెకానిక్ దుకాణం మూసి సొంతూరు పోయాడు.

సెలవులు అయ్యేదాకా ఆగలేక మర్నాడే ఇద్దరం బస్సెక్కి కోదాడ పోయాం. బాబాయి తన పిల్లల కోసం కొన్న కంప్యూటరులో విజువల్ బేసిక్ ఉంది. ఎవరో కొన్ని భాగాలు వదిలేసి పైపైన ఎక్కించి పోయారు. పిన్ని మమ్మల్ని చూసి, "ఆ మొహాలేంటి, ముందు కాళ్ళు కడుక్కుని అన్నం తినండి, అదెక్కడికీ పారిపోదు" అంది. అక్క వినలేదు. ఇనిస్టిట్యూట్ కంప్యూటర్లలో సొంత ఫైళ్ళు ఉంచనివ్వరు కనుక తన రాతంతా ఉన్న ఫ్లాపీ ఆమె సంచిలోనే ఉండేది. దాన్ని పెట్టి ప్రోగ్రాం తెరిచింది. ఇక్కడా ఏదో భాగం దొరకలేదని ఒక సందేశం వచ్చింది, సరే అని నొక్కగానే పోయింది, ప్రోగ్రాం తెరుచుకుంది. అయితే టెలిఫోను బొమ్మ ఉండవలసిన చోట ఒక ఖాళీ డబ్బా కూర్చుని ఉంది.

అక్క ఆ డబ్బాను ముట్టుకోకుండా తన రాతలో తప్పు వెతకసాగింది. తను రాసిన వరుసలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివింది, అక్కడా ఇక్కడా మార్చింది, మార్చినది మార్చినట్టు ఫ్లాపీలో భద్రపరిచింది. దొరకని భాగానికి బదులుగా ఆ కంప్యూటరు తాత్కాలికంగా పెట్టిన డబ్బా అది. భద్రపరచగానే అదే శాశ్వతమైపోయింది. ఆ సంగతి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. తన ఇంట్లోని కంప్యూటరే పాడైందేమో అని బాబాయి బాధపడి, దాన్నే రెండు దెబ్బలు వేశాడు.

సెలవులు అయిపోయి సూర్యాపేట ఇనిస్టిట్యూట్ తెరిచిన రోజున, అన్ని భాగాలూ సవ్యంగా ఉన్న ఆ కంప్యూటరులో, ఎన్నడూ తప్పు చూపించని ఆ కంప్యూటరులో అక్క ఫ్లాపీ పెట్టింది. అక్కడ కూడా ఖాళీ డబ్బానే. ఆ క్షణం ఆమె ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. మిల్లులో ఆగినప్పుడు మిల్లు కంప్యూటరుదే దోషం అనుకుంది, కోదాడలో కోదాడ కంప్యూటరుది అనుకుంది. ఇప్పుడిక అనుకోవడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. "నాకే సరిగ రాదురా. ఎండాకాలం నడిచిందంటే సారు పుణ్యం" అంది. నేను గ్రంథాలయంలో ఉన్న కంప్యూటర్ పుస్తకాలన్నీ తిరగేశాను. ప్రోగ్రాం ఎలా రాయాలో అన్నీ చెప్పాయి. రాసిన ప్రోగ్రాం ఊరు మారితే ఏమవుతుందో ఒక్కటీ చెప్పలేదు.

దీపావళికి మిల్లు ముందు ట్రాక్టర్లు వరుస కట్టాయి, గుమాస్తా చేత్తో చిట్టీలు రాశాడు. బావ ఒక్క మాట కూడా దెప్పలేదు. బీఎడ్ ప్రవేశపరీక్ష పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు, అంతే. కోదాడలో ఆ ముందుగదిని బాబాయి టైలరుకు కిరాయికి ఇచ్చాడు.

ఆ తర్వాత రెండు ఎండాకాలాలు గడిచాయో మూడో, ఎవరో ఇల్లు మారుతూ పాత కంప్యూటర్ పత్రికల కట్ట ఒకటి గ్రంథాలయానికి ఇచ్చిపోయారు. ఒక మధ్యాహ్నం వాటిలో పాఠకుల ప్రశ్నల పేజీ చదువుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగాను. ఎక్కడో ఉత్తరాదిలో ఒక పాఠకుడు అచ్చం అదే ప్రశ్న వేశాడు. తుడిచిన కంప్యూటరు, లేదన్న భాగం, బొమ్మ చోట ఖాళీ డబ్బా, అన్నీ అవే. కింద జవాబు నాలుగు వాక్యాల్లో ఉంది. భాగం ఎక్కడుంటుందో, ఎలా నమోదు చేయాలో చెప్పి, డబ్బా కనబడితే మాత్రం పొరపాటున కూడా భద్రపరచవద్దు అని ముగించారు. చివరన, ఈ ప్రశ్న మాకు తరచుగా వస్తుంటుంది అని కూడా రాశారు.

గ్రంథపాలకుణ్ణి బతిమాలి ఆ పత్రిక పట్టుకుని అక్క ఇంటికి పోయాను. అప్పటికి ఆమెకు పాలకీడు వైపు ఒక బడిలో లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంది. నేను వాక్యం వాక్యం విప్పి చెబుతుంటే, ఎర్ర పెన్ను మూత పెట్టి వింది. అంతా విన్నాక ఒక్కటే అడిగింది.

"అంటే, నా ప్రోగ్రాం మంచిగనే ఉండెనారా?"

"మంచిగనే ఉండె అక్కా" అన్నాను.

ఆమె ఆ పత్రికను మూసి నాకు తిరిగి ఇచ్చింది. మళ్ళీ మొదలుపెడదామా అని అడిగాను. అప్పటికే ఆ మిల్లు సేటు హైదరాబాదు కంపెనీ దగ్గర కంప్యూటరుతో సహా కొత్త కాంటా కొన్నాడని ఆమెకు తెలుసు. "ఇప్పుడెందుకులేరా, రేపు బడికి పోవాలె" అని పెన్ను మూత తీసింది. ఆ తర్వాత ఎన్ని బడులు మారిందో, ఎంతమంది పిల్లలకు లెక్కలంటే భయం పోగొట్టిందో ఆ ఊళ్ళ వాళ్ళే చెప్పాలి. మంచి టీచరు అనిపించుకుంది. ఆ సంతోషం నాకూ ఉంది. అయినా మిర్యాలగూడ మీదుగా బస్సులో పోతూ మిల్లుల పొడుగాటి గొట్టాలు కనబడినప్పుడల్లా, వాటిలో కొన్నింటి కాంటాల మీద అక్క రాసిన వరుసలు నడుస్తూ ఉండవలసింది కదా అనిపిస్తుంది.

ఇవాళ ఎవరికి ఏ చిక్కు వచ్చినా, అదే చిక్కు పడ్డవాళ్ళు వేలమంది క్షణంలో ఎదురవుతారు. జవాబు దొరకడం ఒక ఎత్తు, ఇది నా ఒక్కడికే వచ్చింది కాదని తెలియడం ఇంకో ఎత్తు. మా కాలంలో సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో మేము ఒక్కొక్కరం ఒక్కొక్క తెర ముందు ఒంటరిగా కూర్చున్నాం. ఒక భాగం లేదని కంప్యూటరు చెబితే, లేనిది మనలోనే అనుకుని లేచిపోయాం. అట్లా లేచిపోయిన మా అక్కలాంటి వాళ్ళు ఇంకా ఎందరో. నీ పని బాగానే ఉందమ్మా, ఇది అందరికీ వచ్చేదే అని ఆ దీపావళికి ముందు ఎవరైనా ఒక్కరు ఆమెతో అని ఉంటే బాగుండేది.