అన్న లేబుళ్ళ వేలం

మా అన్న కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో లేబుళ్ళ స్టోరు చూసేవాడు. పెట్టె మీద అంటించే బొమ్మ కాగితం కొత్తది వచ్చినప్పుడల్లా ఒకటి ఇంటికి తెచ్చుకునేవాడు. పావురం, రెండు మామిడిపళ్ళు, గొడుగు పట్టిన కోతి. వాటిని ఒక మందపాటి ఆల్బమ్‌లో వరసగా అంటించాడు. ఏది ఏ ప్రెస్సులో అచ్చయిందో, బొమ్మ ఎవరు గీశారో కింద తమిళంలో పెన్సిలుతో రాశాడు. మా ఇళ్ళలో మాట తెలుగు, రాత తమిళం.

అన్న పోయాక ఆల్బమ్ విరుదునగర్‌లో వదిన దగ్గర ఉండిపోయింది. బీరువా వెనక గోడకు చెదలు పట్టాయి. వదిన నన్ను పిలిపించింది.

"అబ్బయ్యా, నా తరువాత ఇది పాత పేపరోడి తక్కెట్లోకి పోతాది. తెలిసినోళ్ళు ఎవురన్నా ఒకరికి ఇచ్చేయి. దుడ్డు ఎంతొచ్చినా సరే. విడదీయగూడదు. మీ అన్న ఒకటిగా చేసినాడు, ఒకటిగానే పోవల్ల."

ఏ పనైనా పద్ధతిగా చేయడం నాకు అలవాటు. ప్రతి పేజీని పగటి వెలుతురులో ఫోటో తీసి, చిరుగులు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా రాసి, ఆల్బమ్ మొత్తాన్ని ఒకే వస్తువుగా ఆన్‌లైన్ వేలంలో పెట్టాను. పుణే నుంచి ఒక పెద్దమనిషి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ధర గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆ పెన్సిలు రాతలు చదివిపెట్టమని అడిగాడు. నాలుగు పేజీలు చదివి, అర్థం రాసి పంపాను. ఇలాంటి మనిషికే చేరాలని ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

వేలం ముగిసే ముందు ఎవరో ఆయన మీద పెద్ద పాట పాడారు. గెలిచిన ఆ మనిషి డబ్బు కట్టలేదు, జవాబూ ఇవ్వలేదు. గడువు దాటాక మళ్ళీ పెట్టాను. ఈసారి ఇంకో పేరు, అదే తీరు. రెండు పేర్లూ వేలానికి ముందురోజు పుట్టినవే. అప్పుడొక ఫోన్ వచ్చింది. అదే సైటులో విడి లేబుళ్ళు అమ్ముకునే వ్యాపారి. తమిళంలో చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అయ్యా, మొత్తంగా పెడితే అది అమ్ముడుపోదు. నాకు ఇవ్వండి. విడి విడిగా నేను అమ్ముకుంటాను."

పోదని అంత గట్టిగా ఎలా చెప్పగలరని అడిగాను. నవ్వి ఫోన్ పెట్టేశాడు. సైటువాళ్ళకు తారీఖులతో సహా ఫిర్యాదు రాశాను. 'మీ సహనానికి కృతజ్ఞతలు' అని జవాబు వచ్చింది.

మూడోసారి పెట్టినప్పుడు ఆ దొంగ పేర్లు రాలేదు. పాట మాత్రం పెరుగుతూ పోయింది. పుణే ఆయనకు పోటీగా ముగ్గురు పాడుతున్నారు. ఉన్నట్టుండి ఆయన ఆగిపోయాడు. మర్నాడు ఆయన ఉత్తరం: 'పోటీకి వచ్చిన ముగ్గురూ మీ బంధువులని ఒకరు రుజువులతో చూపించారు. మీమీద గౌరవం ఉండేది. ఇక నాకు రాయవద్దు.' సాయంత్రానికి సైటు ఆ వేలాన్ని రద్దు చేసి, నా ఖాతా మూసేసింది. అమ్మేవాళ్ళ మనుషులే ధర పెంచారన్నది కారణం.

నాకేమీ అర్థం కాలేదు. వేలం సంగతి నేను చెప్పిన బంధువు ఒక్కడే, విళాత్తికుళం దగ్గర మిరప సేద్యం చేసే వదిన తమ్ముడు. అతనికి ఫోన్ చేశాను.

"ఔ బావా, నేనే పాడినా. నా కొడుకు, అల్లుడు కూడా పాడినారు," అన్నాడు సంతోషంగా. "కోయిల్లో సామికి మనింటోళ్ళు పెట్టిన నిమ్మకాయ ఏలానికి వస్తే ఊరికే చూస్తా నిలబడతామా? మనోళ్ళు నలుగురు పాడితేనే కదా దానికి మరియాద!"

"ఇది కోయిల్ కాదు రా."

"ఏలం ఏలమే కదా బావా. మా బావ వస్తువు, పాడేదానికి మనిషి లేకుండా పోయిందని ఎవురూ అనగూడదు. మాకే పడితే దుడ్డు కట్టేసి ఎత్తుకొనే వచ్చుంటాము."

కట్టేవాడే. అబద్ధమాడే మనిషి కాదు. పుణేకి అంతా వివరంగా రాశాను. జవాబు లేదు. సైటుకూ రాశాను. నిర్ణయం మారదన్నారు.

వానలకు చెదలు ఆల్బమ్ అట్టదాకా వచ్చాయి. ఎవరు చెప్పారో, ఆ వ్యాపారి విరుదునగర్‌లో వదిన ఇంటికే వచ్చాడు. నేనూ వెళ్ళాను. వదిన అతన్ని ఒకటే అడిగింది.

"విడదీస్తావా అప్పా?"

"విడదీస్తేనే పోతాయమ్మా."

ఆమె అట్ట మీది చెదల మట్టి దులిపింది. "చెదలకంటే మేలు. ఎత్తుకొని పో," అంది.

అతను హాల్లోనే కూర్చుని కుట్టుదారం తెంపి, పేజీలను రెండు దొంతులుగా పేర్చుకున్నాడు. వదిన వంటింట్లోకి వెళ్ళి, అతను ముగించేదాకా బయటికి రాలేదు. నేను గేటుదాకా వెళ్ళాను. బండి ఎక్కుతూ అతను మామూలుగా అన్నాడు:

"మూడోసారి నేను వదిలేశానయ్యా. మీవాళ్ళు పాడకుండా ఉంటే ఆ పుణే ఆయనకే పోయుండేది."

ఆ రాత్రి విళాత్తికుళం నుంచి ఫోన్.

"ఏమి బావా, ఆల్బమ్ ఎవురన్నా మంచోళ్ళకు పోయిందా?"

"పోయింది," అన్నాను.

"చూసినారా, మనం పాడింది వీణ్‌గా పోలేదు, దండగ కాలేదు," అన్నాడు.

ఔనన్నాను.