పాము లేని పుట్ట

నా చిన్నప్పుడు బర్మాలో, మా దలా రేవులో ఒక మొసలి టిక్కెట్టు చేతబట్టుకుని పడవెక్కింది. నా పక్కనే కూర్చుంది. మీరు నమ్మరని తెలుసు. అప్పుడూ ఎవరూ నమ్మలేదు. మా వీధి పిల్లలు నాకు ‘కోతల గుంట’ అని పేరు పెట్టారు. యాభై దాటిన ఈ వయసులో కూడా సంచౌంగ్ బజారులో అడుగుపెడితే “ఇయాల కొత్త కత ఏటి?” అని కూరలమ్మేవాళ్ళు నన్ను ఆపుతారు. చెబుతాను, నవ్విస్తాను. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం బజారులో ఎప్పుడూ చెప్పలేదు.

మా మామ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, అహ్లోన్ బియ్యం మిల్లులో గోనెసంచులు కుట్టీ కుట్టీ నడుం వంగిపోయాక పని మానేసింది. ఆ తరువాత ఇంట్లో ఆవిడ మాట చెల్లేది ఏడాదికి మూడు వారాలే. తొలి ఉరుములు ఉరిమి రెండు రోజులు ఉక్కపోసిందంటే చాలు, మా దలా పొలాల అవతల, వెదురు పొద వెనకున్న చెదపుట్ట మీద తెల్లగా గొడుగులు విచ్చుకునేవి. బర్మా వాళ్ళు వాటిని ‘తౌంబోమో’ అంటారు. తౌంబో అంటే పుట్ట, మో అంటే గొడుగు. అంటే మన పుట్టగొడుగే. మామ్మ తెల్లవారకముందే వెళ్ళి బుట్ట నింపి, అరిటాకు కప్పుకుని, పడవలో నది దాటి సంచౌంగ్ బజారుకు పోయేది. తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ అడక్కుండానే ఇంటికి చేపలు తెచ్చేది. ఆ మూడు వారాలూ మా నాన్న ఆవిడతో మెత్తగా మాట్లాడేవాడు. “అమ్మా, తిన్నావా?” అని అడిగేవాడు కూడా.

పుట్టకు కత్తి తగలనిచ్చేది కాదు మామ్మ. గొడుగు మొదట్లో రెండు వేళ్ళు పెట్టి, మెల్లగా తిప్పి లాగేది. వేరులాంటి పొడుగాటి కాడతో సహా వచ్చేది. ఆ గుంతను మళ్ళీ మట్టితో పూడ్చేది. “కింద సెదల ఇల్లున్నాది. అది సెదిరిందంటే ఇంక గొడుగు లేదు” అనేది. నేను వేలెత్తి చూపిస్తే చెయ్యి మీద కొట్టేది, కుళ్ళిపోతాయట.

అంతటి పుట్టను ఆవిడ దాచలేదు. పసుపు పూసి కుంకుమ పెట్టింది. ఎక్కడో ఏరుకొచ్చిన పాము కుబుసాన్ని కన్నం దగ్గర వేలాడదీసింది. నాగులచవితికి పాలు పోసి, గుడ్డు పెట్టి, ఏడడుగుల తాచును కళ్ళారా చూశానని వీధంతా చెప్పింది. మనవాళ్ళు దణ్ణం పెట్టి చుట్టూ తిరిగి పోయేవారు. బర్మా వాళ్ళు అక్కడేదో నాట్ దేవత కొలువుందనుకుని తలవంచి నడిచేవారు. గొడుగుల జోలికి ఎవరూ పోయేవారు కాదు. గుడ్డు మాత్రం మర్నాడు నా అన్నంలో తేలేది. “పాము తినేసినాదే” అని మామ్మ కన్నుగీటేది. కోతలు కోయడం నాకు అలా అబ్బింది. పుట్టలో పాము లేదన్న సంగతి మా ఇద్దరికే తెలుసు.

నాకు పదో ఏడు. పుట్టగొడుగులు అప్పుడే మొదలవుతున్నాయి. రేవు దగ్గర టీకొట్టు ముందు పిల్లలందరూ నన్ను చుట్టుముట్టారు.

“ఏటే, మీ మొసలి టీ తాగినాదా, మొహింగా తిన్నాదా?” అంది పక్కింటి అక్క. “దీని నోట్లోంచి ఒక్క నిజమొస్తే నా జడ కోసి సేతిలో పెడతాను.”

టీకొట్టాయన కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆ పుట్టలో పాము లేదు. మా మామ్మ అబద్దమాడతాది” అన్నాను.

అంతకన్నా పెద్దగా నవ్వారు. అందరినీ వెంటబెట్టుకుని పుట్ట దగ్గరకు తీసుకెళ్ళి, కన్నంలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. తీసి చూపిస్తే గోళ్ళలో మట్టి తప్ప ఏమీ లేదు.

“నిజమేనే!” అంది అక్క.

ఆ మాట కోసం ఎన్నాళ్ళు కాచుకున్నానో. ఇంటిదాకా గెంతుకుంటూ వచ్చాను.

మర్నాడు మామ్మా నేనూ వెళ్ళేసరికి పుట్ట లేదు. పైన ఇన్నుంటే కింద ఎన్నుంటాయో అని ఎవరో పలుగులతో తవ్వేశారు. లోపల చెదలు కట్టుకున్న గూడు స్పంజి ముక్కల్లా చెల్లాచెదురై వానకు నానుతోంది. కుంకుమ పెట్టిన పెళ్ళ ఒకటి బోర్లా పడి ఉంది. మామ్మ బురదలో కూలబడి, విచ్చుకోని మొగ్గలు ఒక పిడికెడు ఏరి తువ్వాల్లో మూటకట్టింది.

సాయంత్రం నాన్న బెత్తం తీశాడు. “పాము లేదని ఎవులు సెప్పినారు?”

మామ్మ పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే, “నానే సెప్పినాను. ముసిల్దాన్ని, నోరు జారినాను” అంది.

నాన్న బెత్తం విసిరేశాడు. కన్నతల్లిని అనకూడని మాటలన్నీ అన్నాడు. తిండి దండగ అన్నాడు. ఆవిడ పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూనే ఉంది. నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను. అంత వాగుడుకాయని, ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ వేసి, గోంగూర కలిపి మామ్మ ఆ పిడికెడు మొగ్గలనూ వండింది. కూరంతా నా కంచంలోనే వడ్డించింది. “తిను. ఇంక దొరకవు” అంది. ఏడుస్తూ తిన్నాను. ఎంత రుచిగా ఉందంటే, కంచం నాకేశాను. దాన్ని తలచుకుంటేనే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మరుసటి ఏడు ఉరుములు ఉరిమాయి, ఉక్కా పోసింది. అక్కడ గడ్డి మొలిచింది. మామ్మ ఆ తరువాత నాలుగేళ్ళు బతికింది. నన్ను ఒక్క మాట అనలేదు, తలకు నూనె పెట్టడం మానలేదు. కానీ నన్ను చూసి కన్నుగీటడం మాత్రం మానేసింది.

నాన్న మొన్న మొన్నటిదాకా ఉన్నాడు. మంచం పట్టాక పాతవన్నీ తవ్వుకునేవాడు. వాన చప్పుడు వినబడితే చాలు, “మీ మామ్మ ఆయేల నోరు జారకపోతే ఎంత బాగుండును” అనేవాడు. నేను కాళ్ళు పిసుకుతూ ఊఁ కొట్టేదాన్ని. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఊఁ అనేదాన్ని. ఆయన అదే నమ్మి పోయాడు. ఆ ఊఁ ఇంకా నా గొంతులోనే ఉంది.