మొదట కుట్టిన బెల్టు

ఎత్తయిన చోట్ల పనిచేసేవాళ్లు కింద పడకుండా కట్టుకునే నైలాన్ బెల్టులు కుట్టడం ఆమె పని. ఫ్యాక్టరీలో అందరికీ ఆమె బెల్టుల అక్క. తల్లి పోయాక తానే పెంచిన తమ్ముడు పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేసేవాడు. వాడు పనిలో చేరినప్పుడు తన చేత్తో కుట్టిన బెల్టే ఇచ్చింది.

ఏళ్ల తరబడి ఎండకు ఎండి ఆ బెల్టు పట్టీ వెలిసిపోయింది. నైలాన్ ఎండకు లోలోపలే చివికిపోతుందని ఆమెకు తెలుసు. అందుకే కొత్తది కుట్టి తెచ్చింది.

"పాతది పారెయ్‌రా, నా మాట విను."

"నువ్వు మొదట కుట్టిచ్చింది కదక్కా! అది నన్ను పడనిస్తుందా?" అని నవ్వేసి, కొత్తదాన్ని అటక మీద పెట్టేశాడు.

ఆ వారంలోనే పట్టీ తెగింది. వాడు దక్కలేదు.

తెగిన బెల్టును ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ తిప్పి తిప్పి చూశాడు. "నీ కుట్టు ఒక్కటి కూడా ఊడలేదమ్మా, పట్టీయే తెగింది" అన్నాడు ఓదార్పుగా.

"కుట్టు ఊడినా బాగుండేది సార్. నా చేతుల్ని తిట్టుకునేదాన్ని. వాడు నా మీద ప్రేమకొద్దీ దాన్ని వదల్లేదు. వాణ్ణి ఎలా తిట్టను?"

కర్మకాండ అయ్యాక ఆమె మళ్లీ పనిలోకి వచ్చి మిషను ముందు కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. పక్క మిషను ఆమె వచ్చి భుజం పట్టుకునేదాకా, సూది కింద పట్టీ లేదన్న సంగతే చూసుకోలేదు.