అత్తమ్మ ధూపం, నా పంపు

మా అత్తమ్మ ముక్కు మామూలు ముక్కు కాదు. కర్దనూర్ల మా ఇంటి ముంగట కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంట తీసుకుంటనే టక్కున తల లేపుతది. "వాసనొస్తుందే, కిటికీలు ఏయ్!" అంటది. నాకైతే ఇంకా ఏం రాదు. ఆమె అన్న జెరసేపటికే పటాన్‌చెరు కంపెనీల దిక్కు నుంచి గాలి మళ్లుతది. ముందు కుళ్లిన గుడ్డు వాసన, దాని ఎనుక ఏందో మందుల వాసన, కండ్లల్ల మంట. వాడకట్టంత తలుపులు దడేల్ దడేల్‌మని మూసుకుంటరు.

ఇగ అప్పుడు అత్తమ్మ పని మొదలయ్యేది. బొగ్గులు రాజేసి, ధూపం గిన్నెల సాంబ్రాణి, గుగ్గిలం, పిడికెడు ఎండిన యాపాకు ఏసి, అన్ని మూసిన ఇంట్ల అర్ర అర్రకు తిప్పేది. ఆమె లెక్క సీదా. కంపెనీ వాసన పాడుది, సాంబ్రాణి మంచిది. మంచిది లోపలికొస్తె పాడుది బయటికి పోతది. అన్ని మూసిన ఇంట్లకెల్లి ఎట్ల పోతదో నేను అడగలే. అడిగితె ఊకుంటదా!

పెండ్లైన రెండో చలికాలం నాకు ఆయాసం మొదలైంది. మా ఆయన బొల్లారం కంపెనీ బస్సెక్కి డ్యూటీకి పోతె ఇంట్ల నేను, అత్తమ్మ ఇద్దరమే. నాలుగు బిందెలు మోస్తె దమ్ము, గట్టిగ మాట్లాడితె దమ్ము, పండుకుంటె ఛాతీల పిల్లికూతలు. "మనింట్లకు పిల్లి ఎప్పుడొచ్చిందే" అని మా ఆయన నవ్విండు. కాల్చేటట్టు చూసిన, మల్ల అనలే.

అత్తమ్మ మాత్రం నవ్వలే. చేనుకు తెగులొస్తె ఎట్ల ఎంబడి పడ్తదో, నా ఛాతీ ఎంబడి అట్ల పడ్డది. మిరియాలు, శొంఠి, తులసాకు ఏసి కషాయం. అల్లం రసంల తేనె. తమలపాకుకు ఆముదం రాసి, పెనం మీద ఎచ్చజేసి ఛాతీకి అంటించుడు. కషాయం తాగుతుంటె గొంతు కాలేది. "వద్దత్తమ్మా" అంటె గ్లాసు ఖాళీ అయ్యేదాక నా నెత్తి మీదనే నిలబడేది. నాకు మా గొప్ప కోపమొచ్చేది. తీరా చూస్తె అల్లం దంచి దంచి ఆమె చేతులే మండుతుండేవి, చల్లనీళ్లల్ల ముంచుకొని కూసునేది. నా కన్నతల్లి గూడ గింత చెయ్యలేదనుకున్న. నోటితోటి మాత్రం అనలే.

అన్నిటికంటె ఆమెకు నమ్మకం పొగ మీద. బాలింతలకు, తానం పోసిన పసిపిల్లలకు ఊర్ల ఎంతమందికో ఆమెనే పొగ ఏసింది. "నీ మొగనికి పుట్టిన నాటి సంది పొగ ఏసి పెంచిన. ఇనుపగుండు లెక్క లేడా?" అనేది. నన్ను పీట మీద కూసోబెట్టి, దుప్పటి కప్పి, కింద ధూపం గిన్నె పెట్టేది. లోపల నాకు పానం పోతుండేది. బయటకెల్లి ఆమె "గట్టిగ పీల్చు బిడ్డా" అనేది. గంత ప్రేమతోటి చేస్తుంటె వద్దని ఎట్ల అంటరు? పీల్చిన.

అంతకుముందు ఒక డాక్టరు నాకు పంపు రాసిచ్చిండు, నోట్లె పెట్టుకొని మందు కొట్టుకునేది. పక్కింటి వదిన దాన్ని చూసి, "వద్దే తల్లీ, ఒక్కసారి మరిగితె సచ్చేదాక ఇడువది" అన్నది. భయమై అలమారల పెట్టేసిన.

ఒక సాయంత్రం మంచు దిగుతుండంగ వాసనొచ్చింది. కిటికీలు మూసినం, ధూపం తిరిగింది, నేను దుప్పటి కిందికి పోయిన. అప్పుడు ఊపిరి లోపలికి పోతలేదు. "అత్తమ్మా" అందామంటె మాట రాలే. దుప్పటి గుంజి పారేసి గోడ పట్టుకొని లేచిన. నా పెదవులు నీలమైనయంట, అత్తమ్మ కెవ్వుమన్నది. నన్ను సంకల పట్టుకొని, కాళ్లకు చెప్పులు గూడ లేకుంట రోడ్డు మీదికి ఉరికింది. షిఫ్టు దిగినోళ్లతోటి కిక్కిరిసిన ఆటో వస్తుంటె దానికి అడ్డం నిలబడ్డది. దాంట్ల అందరు బీహార్ పోరగాళ్లు. నన్ను చూసి "అమ్మా, జల్దీ బైఠో" అని కూసోను జాగిచ్చి ఒక్కొక్కరు దిగిపోయిన్రు. పొద్దంత పనిచేసి అలిసిన మనుషులు, మల్ల వాళ్లకు ఆటో ఎప్పుడు దొరికిందో ఏమో. వాళ్ల మొఖాలు యాదికి లేవు గానీ, వాళ్లు సల్లగుండాలని నేను మొక్కని దినం లేదు.

పటాన్‌చెరు దవాఖానల ముక్కుకు, మూతికి మాస్కు పెట్టి మిషిన్ ఆన్ చేసిన్రు. ఏందో తెల్లగ బుస్సుమని లేచింది. అత్తమ్మకు పోయిన పానం తిరిగొచ్చినట్టయింది. "సూసినవా! గీళ్లు గూడ పొగనే ఏస్తున్నరు!" అన్నది. నాకు నవ్వొచ్చింది, నవ్వితె దగ్గొచ్చింది, దగ్గుతె దమ్మొచ్చింది.

డాక్టరమ్మ ఇన్నది. "అది పొగ కాదు పెద్దమ్మా, మందును సన్నటి తుంపర్లు చేసి పంపుతున్నం. ఇంట్ల ఏమన్న పొగ పెడ్తరా?"

"పెడ్తం మేడం," అన్నది అత్తమ్మ ఛాతీ ఇరుసుకొని. "దుప్పటి కప్పి నా చేతులతోటి నేనే పెడ్త. నా కోడలికి ఏం తక్కువ చెయ్యలే."

డాక్టరమ్మ కోప్పడితె బాగుండు. మెల్లగనే చెప్పింది. "కషాయం ఇయ్యుండ్రి, గొంతుకు హాయిగుంటది. దమ్ముకు మాత్రం మందు పంపే. బాగున్ననాడు గూడ రోజు కొట్టుకోవాలె, దాంతోటి భయం లేదు. వాసనొస్తె కిటికీలు మూసుకోండ్రి. పొగ మాత్రం వద్దు పెద్దమ్మా. ఇయ్యాల ఈమెకు గింత దూరం వచ్చింది దాంతోటే." తర్వాత పంపు పట్టి చూపించింది. మెల్లగ పీల్చాలె, జెరసేపు లోపల్నే ఆపుకోవాలె, ఇడిచినంక నోరు పుక్కిలించాలె. అత్తమ్మ నాకంటె ఎక్కువ మనసు పెట్టి చూసింది. ఆమె మొఖం మాత్రం నేను చూడలేకపోయిన.

ఇంటికొచ్చి అత్తమ్మ అరుగు మీద కూలబడి, "నేనేనా బిడ్డా నీకు గిట్ల చేసింది?" అన్నది.

"గాలి చేసిందత్తమ్మా."

"గాలి గాదు. ఊపిరాడ్తలేదని నాతోటి ఎందుకు చెప్పకపోతివి?"

"నువ్వు గంత పావురంగ, ప్రేమతోటి ఏస్తుంటె ఎట్ల చెప్పాలె?"

"ఓసి పిచ్చి మొఖమా! పానం పోతుంటె గూడ మర్యాదనేనా!" అని ఈపు మీద ఒక్కటి ఇచ్చింది. ఇచ్చి, ఆ ఈపునే పట్టుకొని ఏడ్చింది. ఇద్దరం ఏడ్చినం.

ఆ దినం నుంచి ఇంట్ల ధూపం గిన్నె రాజలే. పొద్దున లేస్తె "పంపు కొట్టుకున్నవా? నోరు పుక్కిలించినవా?" అని ఒక్కటే సతాయింపు. కషాయం మాత్రం ఆపలే, డాక్టరమ్మనే ఇయ్యమన్నదాయె. పక్కింటి వదిన మల్ల పంపు మరుగుతదని మొదలుపెట్టింది. "నువ్వు కండ్లద్దాలు మరగలేదా? తీసి బాయిల పారేయ్ పో" అని అత్తమ్మ నోరు మూయించింది.

నా దమ్ము తగ్గుకుంట వచ్చింది. నన్ను బాధపెట్టింది వేరే. ఆమె కాపురానికొచ్చిన నాటి సంది సందెపూట దేవునికి ధూపం తప్పలే. ఇప్పుడు దేవుని అర్రల దీపం పెట్టి, ఒట్టి చేతులతోటి నిలబడేది. ఏం చెయ్యాల్నో చేతులకు తెల్వనట్టు కొంగు సర్దుకునేది. చూడలేక ఒకనాడు అన్న, "జెర ఏసుకో అత్తమ్మా, అంతసేపు నేను బయట కూసుంట."

"గీ చలిల నువ్వు బయటనా?" అని కసిరింది.

ఆ శుక్రారం దేవుని అర్రల సప్పుడైంది. చూస్తె అత్తమ్మ నర్సింహస్వామి పటం ఎత్తుకొని, వాకిలి దాటి, పెరట్ల అటు కొసకు పోతుంది. ప్రహరి గోడల ఒక గూడుంటది. దాన్ని అలికి, ముగ్గేసి, పటం పెట్టింది. ధూపం గిన్నె రాజేసింది. నేను లోపల కిటికీ మూసి, అద్దం ఎనుక నిలబడి పంపు నోట్లె పెట్టుకున్న.

గోడ అవతలకెల్లి పక్కింటి వదిన గొంతు ఇనబడ్డది. "అయ్యో పెద్దమ్మా, ఇంటి దేవుని బయట పెట్టినవేంది? అరిష్టం గాదా?"

"ఆయన దేవుడే, ఏడున్నా ఉంటడు," అన్నది అత్తమ్మ పొగ తిప్పుకుంట. "నాకు ఆడపిల్ల లేదని గీ పిల్లనిచ్చిండు. అది ఇంట్లనే ఉండాలె."

మందు పీల్చి ఊపిరి ఆపుకోవాలె. ఆపుకోలేకపోయిన, ఏడుపు తన్నుకొచ్చింది. పీల్చిన మందంత దగ్గుల పోయింది.

ఆమె ముక్కే అనుకున్న, చెవులు గూడ మామూలువి కావు. పెరటి కొసకెల్లి అరిచింది. "ఏమే, సరిగ్గ కొట్టుకున్నవా?"

"లేదత్తమ్మా!"

"మల్ల కొట్టుకో!"

కండ్లు తుడుచుకొని, మల్ల కొట్టుకున్న.