నల్లమెట్లు లేని రెండు జాగాలు

ప్లంబరు భిక్షపతి నల్గొండ దిక్కు నుంచి పట్నం వచ్చి పాతికేళ్లయింది. చైతన్యపురి హాస్టళ్లలో ఆయన చెయ్యి పడని నల్లా లేదు. యాభై దాటినా, ఏదైనా అర్థం కాకపోతే అన్నం సయించని మనిషి.

ఓ శనివారం లలితకుమారి గారింట్లో సింకు బాగుచేశాడు. ఆవిడ పిల్లలకు కీబోర్డు మీద సంగీతం నేర్పుతారు. చేతులు తుడుచుకుంటూ కీబోర్డు చూసి ఆగిపోయాడు.

"మేడమ్, తెల్లమెట్ల నడుమ గీ రెండు జాగాలల్ల నల్లమెట్లు ఊడిపోయినయా?"

ఆవిడ పడీపడీ నవ్వారు. "ఊడలేదండీ. అక్కడ స్వరాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. మధ్యలో ఇంకోటి పట్టదు."

"అట్ల ఎవలు పెట్టిన్రు?"

"వాటంతటవే పడతాయి. ఒక గొట్టంలో మూడో వంతు కోసేస్తే, మిగిలింది మొదటిదాంతో చక్కగా కలిసే స్వరం పలుకుతుంది. ఆ కొలతలోనూ మూడో వంతు తీసెయ్యాలి. అలా ఏడు. మరీ పొట్టిదైతే దానికి రెట్టింపు పొడవు తీసుకోవాలి. అదే స్వరం, కాస్త బొంగురుగా."

గొట్టం అన్న మాటకే భిక్షపతికి ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం పొద్దున్నే బడంగ్‌పేట్‌లో తన డాబా మీద మిగులు పైపులు పరిచాడు. మొదటిది యాభై నాలుగు అంగుళాలు. రెండోది ముప్ఫై ఆరు. మూడోది ఇరవై నాలుగు రావాలి, మొదటిదాంట్లో సగం కూడా లేదని నలభై ఎనిమిది కోశాడు. అలా ఏడయ్యాక, మొదటి స్వరమే మళ్లీ సన్నగా పలికేలా దాంట్లో సరిగ్గా సగం ఇంకోటి కోసి, పొడుగు వరసన గోడకు నిలబెట్టాడు. పక్కపక్క పైపులకు సుమారు నాలుగు నుంచి ఆరు అంగుళాల తేడా ఉంది. రెండు చోట్ల మాత్రం రెండంగుళాలైనా లేదు!

"అండాలూ, జల్ది రా!"

"ఏందయ్యా నీ లొల్లి?" అంటూ భార్య అండాలమ్మ పైకొచ్చింది.

"గీడ చూడు, గాడ చూడు! నేను పెట్టలే. లెక్క ప్రకారం కోసిన, అవే దగ్గరికొచ్చినయి!"

ఆగలేక అదే లెక్కన ఇంకో ఐదు కోశాడు. ఐదూ వెడల్పు సందుల్లోనే పడ్డాయి. "నల్లమెట్లు! నల్లమెట్లే!" అంటూ డాబా మీద గిర్రున తిరిగాడు. హవాయి చెప్పుతో పైపు మూతి మీద కొడితే 'బుమ్'మంది. తనూ కొడదామని రెండో చెప్పు అండాలమ్మ లాక్కుంది.

"ఏవిటండీ ఆ మోత?" అని పక్క డాబా మీంచి కోటేశ్వరమ్మ గారు కేకేశారు. పది నిమిషాల్లో ఆవిడే వచ్చి, "నన్నూ ఓసారి కొట్టనివ్వండి" అన్నారు.

సోమవారం ఫోన్లో ఆ మోత వింటూ లలితకుమారి గారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఇన్నేళ్లుగా చెబుతున్నానే గానీ, ఒక్కసారీ కోసి చూడలేదండీ!"

మరుసటి ఆదివారం పిల్లలందరితో ఆటోల్లో దిగారు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులన్నీ అండాలమ్మ పైకి మోసుకొచ్చి, తలా ఒకటి చేతికిచ్చింది.