అడవికి చీపురు పట్టినవాణ్ణి

కెనడాలో చెట్లు అడ్డంగా కొట్టేసి పరువు పోగొట్టుకున్నవాళ్లు ఉంటే ఉండవచ్చు. ఎండుటాకులు ఊడ్చి పరువు పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అప్పుడు ఏడ్చాను కాబట్టి ఇప్పుడు మీరు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు.

మా ఊరు మిస్సిసాగాలో స్నేహితులందరూ రెండో ఇల్లు కొంటుంటే, నేను రెండు గంటల దూరంలో ఏడెకరాల మేపుల్ అడవి కొన్నాను. మా ఆవిడ వసుధ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది. ఆ మూడు రోజులే నయమనిపించింది.

"కలప పద్ధతిగా కోయిస్తానన్నారుగా! ఫారెస్టర్ వచ్చి మీ ప్లాన్ ఓకే చేస్తే సరే. చెయ్యలేదో, మర్నాడే గేటు ముందు సేల్ బోర్డు పాతేస్తా," అంది.

ఆ ఫారెస్టర్ పేరు మార్గరెట్. అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా బూట్లు. ఏ చెట్టు ఇప్పుడు కొట్టాలి, ఏది ఇంకో పదేళ్లు పెరగనివ్వాలి అని తేల్చి, కొట్టాల్సినవాటికి రంగు పూసేది ఆవిడే. సెప్టెంబరులో వస్తానంది.

పెద్దమనిషి ఇంటికొస్తోందంటే మనమేం చేస్తాం? ఇల్లు సర్దుతాం. నేనూ సర్దాను. వేసవిలో ఒక్క వీకెండ్ కూడా వదలకుండా గాలితో ఊదే లీఫ్ బ్లోయర్ భుజాన వేసుకుని ఆకులు ఊడ్చాను. పడిపోయిన దుంగలు లాగేశాను. ఎండి నిలబడ్డ చెట్లను కోయించేశాను. చుట్టాలు గుమ్మంలోకి వచ్చేలోపు హాల్లో సామానంతా బెడ్‌రూములోకి తోసి తలుపేస్తామే, అలా ఆ చెత్తనంతా వెనకమూల పల్లంలో గుట్టపోశాను. అడవి మా హాలుకన్నా శుభ్రంగా తయారైంది.

మార్గరెట్ కారు దిగి, అడవిని చూసి, టోపీ తీసింది.

"ఏం జరిగిందిక్కడ?"

"నేనే!" అన్నాను ఛాతీ విరుచుకుని. "అంతా క్లీన్ చేశాను."

"దుంగలేవి?"

"తీసేశాను."

"ఎండు చెట్లు?"

"అవీ తీసేశాను."

"ఆకులు?"

"ఒక్కటి దొరికితే చూపించండి!"

ఆవిడ చూపించలేదు. నోట్‌బుక్ మూసేసింది.

"అయ్యా, ఎండు చెట్టు వడ్రంగిపిట్టకి ఇల్లు. కుళ్లిన దుంగ రేపటి మట్టి. మీరు ఊడ్చిన ఆ ఆకుల కిందే కొత్త మొలకలు లేచేవి. రేపటి అడవే లేనప్పుడు, ఇవాళ పెద్ద చెట్లు కొట్టుకోమని నేనెలా చెప్పను?"

నాతో వచ్చిన వసుధ గేటు పక్క నేల మెత్తగా ఉందో లేదో కాలితో నొక్కి చూసింది. బోర్డు ఎక్కడ పాతాలో చూస్తోందన్నమాట!

"ఆ వెనకేముంది?" అంది మార్గరెట్.

"అక్కడేం లేదండీ! అటు వద్దు, బాగుండదు," అంటూ చేతులు చాచి అడ్డం నిలబడ్డాను.

"వెళ్లి చూడండి మేడమ్, ఈయన దాచిందంతా అక్కడే ఉంది," అంది వసుధ. కట్టుకున్న భార్యండీ!

మార్గరెట్ నన్ను తప్పించుకుని పల్లంలోకి దిగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూద్దును కదా, ఆవిడ గుట్ట ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఒక కుందేలు ఆవిడ పక్కనుంచే పరుగు తీసింది. కొమ్మల్లో పిట్టలు కిచకిచమంటున్నాయి. ఆవిడ ఎత్తిన దుంగ కింద, ఒంటినిండా పసుపు చుక్కలున్న బల్లిలాంటి నల్లటి జీవి ఒకటి మాకేసి చూస్తోంది.

"లావు దుంగలు అడుగున, కొమ్మలు మధ్యలో, ఆకులు పైన! చిన్న ప్రాణులకి ఇల్లు కట్టడమంటే ఇదే. ఇలా పేర్చాలని మీకెవరు నేర్పారు?"

ఎవరూ నేర్పలేదు. నడుం బాగున్నప్పుడు బరువైనవి లాగాను, పట్టేశాక తేలికవి లాగాను. ఆ మాట చెప్పడానికి నేనేం వెర్రివాణ్ణా?

"ఏదో, అలా తోచిందండి," అన్నాను వినయంగా.

"ఈ గుట్టలో సగం వీటికి వదిలేసి, మిగతా సగం మళ్లీ అడవిలో పరవండి. ఓకే చేస్తాను."

నేను ఎగిరి గంతేశాను. పట్టేసిన నడుం ఆ గంతుతోనే వదిలింది!

జనవరిలో నేల గడ్డకట్టాక, రంగు పడ్డ వంకర చెట్లూ, జబ్బు చెట్లూ మాత్రమే మొదటి లారీ ఎక్కాయి. అడవి ఎప్పటిలా నిండుగానే ఉంది. వసుధ చాలాసేపు చూసి, "బోర్డు వద్దులెండి," అంది. ఆ తర్వాత చుట్టుపక్కల అడవుల యజమానుల మీటింగులో మార్గరెట్ నన్ను నిలబెట్టి, గుట్ట ఎలా పేర్చాలో చెప్పమంది. చెప్పాను. చప్పట్లు కొట్టారండీ!

అందుచేత ఆ మేపుల్ చెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ దేన్నీ ఊడ్వను, తుడవను, సర్దను.

ఇంటికెళ్లి ఈ ప్రమాణం గంభీరంగా చదివి వినిపించాను. వసుధ శ్రద్ధగా వింది.

"బాగుంది. మార్గరెట్ వచ్చి ఓకే చేస్తే సరే," అని వాక్యూమ్ క్లీనర్ చేతికిచ్చింది.