ఆయన చెయ్యని పులులు

ఉదయగిరి మేస్త్రి పోయారని ఆయన కూతురు ఫోన్ చేసినప్పుడు నేను ఆత్మకూరులో మా షాపులో ఒక ఫ్లెక్సీ అంచులు కత్తిరిస్తున్నాను. "నాయన పోయినాడన్నా. పొద్దున టీ తాగి గోడకి ఆనుకున్నాడు, అంతే" అంది. అయ్యో అన్నాను. మధ్యాహ్నమే మట్టి చేస్తామంటే వస్తానని చెప్పాను. ఫోన్ పెట్టేశాక, దుఃఖం కంటే ముందు నాకు ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. నేను చేసిన పని తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇక లేడు కదా అనుకున్నాను. ఒక మంచి మనిషి చావుకి నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది ఇంకో మోసం అవుతుంది. అందుకే ముందు అదే చెప్తున్నాను.

ఆయన కొయ్య గరిటెలు చేసే మేస్త్రి. కొండ మీద దొరికే కర్రతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చేసే ఇళ్లు ఉదయగిరిలో చాలా ఉన్నాయి. వాళ్లందరికీ ఆయన చెయ్యంటే గౌరవం. నేను పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు వేసుకునేవాణ్ణి. బోర్డు ఆటలంటే పిచ్చి. మన పులి-మేకకి కొన్ని కొత్త నియమాలు కలిపి, గుడ్డ మీద పటం అచ్చేసి, మంచి పెట్టెలో పెట్టి అమ్మాలని కోరిక. ఇలాంటి ఆటలకి ఇంటర్నెట్‌లో జనం ముందే డబ్బు కడతారు. ఆ డబ్బుతో మనం సరుకు తయారుచేసి తర్వాత పంపాలి. అట్టముక్కలతో ఆడే ఆటకి ఎవరూ పెద్ద ధర పెట్టరు. కొయ్యబొమ్మలు, అదీ చేత్తో చెక్కినవి అంటే మూడింతలు పెడతారు. ఆ లెక్క చూసుకునే నేను ఆయన గడప తొక్కాను, కళ మీద ప్రేమతో కాదు.

నేను గీసిన పులి బొమ్మని ఆయన చాలాసేపు చూశారు. నోరు తెరిచి, కోరలు చూపించే పులి అది.

"బాగుండాది. ఆడేదెవరు?"

"అందరూ ఆడతారు మేస్త్రీ. పిల్లకాయలు కూడా."

"అట్టయితే నోరు మూసెయ్యాల. కోరలు పెడితే వారం తిరక్కుండా ఇరుగుతాయి. తోక గూడా ఈపుకి ఆనించి చెక్కతా."

నోరు మూస్తే అది పులిలా ఉండదేమో అని నసిగాను.

"దానికి ఆకలి లేదనుకో" అన్నారు, నవ్వకుండా.

ఒక్కో బొమ్మ పూర్తయ్యాక ఆయన లేచి నిలబడి, దాన్ని నడుము ఎత్తు నుంచి బండల మీదికి వదిలేసేవారు. పిల్లల చేతుల్లోంచి పడేది ఆ ఎత్తు నుంచే కదా అనేవారు. చెవి విరిగినా, తోక విరిగినా అది పొయ్యిలోకి పోయేది. కొట్టి తెచ్చిన కర్రని నీడలో నెలల తరబడి ఆరనిచ్చేవారు. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది కదా అని ఒకసారి సలహా ఇచ్చాను. నా సలహాలకి అప్పట్లో కొదవ లేదు. "కర్రని తొందరపెట్టగూడదు అబ్బయ్యా. అప్పటికి సరేనంటాది. మనం చూడనప్పుడు పగులుద్ది" అన్నారు.

పెట్టె ధర రెండు వేల నాలుగు వందలని చెప్పినప్పుడు ఆకురాయి పక్కన పెట్టి నా మొహంలోకి చూశారు. అట్టపెట్టె, గుడ్డ పటం, పోస్టు, వెబ్‌సైటు వాళ్ల వాటా అంటూ ఏకరువు పెట్టాను. అంతా విని, "గరిటె నలభై రూపాయలకి కొన్నోడు పులుసు కలుపుకుంటాడు. ఇంత పెట్టి కొన్నోడు మేకని ఎలుతుర్లో పెట్టి తిప్పితిప్పి చూస్తాడు. చూడనీ. చూసినా తప్పు కనపడగూడదు, అంతే గదా" అన్నారు. ఆ ధరకి భయపడాల్సింది నేను. భయపడింది ఆయన.

ఆయన చేతుల్ని వీడియో తీశాను. ఆయన ఫోటో, ఊరు, వీధి, కింద 'ఈ బొమ్మలు చేసినది వీరే' అనే మాటతో చిన్న కార్డులు మా షాపులోనే అచ్చేశాను. వంద పెట్టెలు అమ్ముడుపోతే చాలనుకున్నాను. ఆరు వందలకి డబ్బు పడింది. పెట్టెకి మూడు పులులు, పదిహేను మేకలు. నాలుగు నెలల్లో పంపుతానని నేనే రాశాను. రెండేళ్లు పడుతుందని ఆయన అన్నారు.

"కర్ర ఆరలేదని రాయి. మనుషులే గదా, ఆగుతారు."

ఒక్క ఉత్తరం ముక్క. అది రాయడానికి నాకు నామోషీ అయింది. చెప్పిన గడువు తప్పితే జనం తిట్టుకుంటారని భయపడ్డాను. చాలామంది డబ్బు వెనక్కి తీసుకున్నారని, వంద పెట్టెలు చాలని ఆయనకి అబద్ధం చెప్పాను. మిగతా అయిదు వందలకీ ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో మిషను మీద కోయించాను. మెత్తటి చెక్క, పైన రంగు, నేను గీసిన తెరిచిన నోరు, గాల్లోకి లేచిన తోక. ధర ఒక్క రూపాయి తగ్గించలేదు. కార్డులు ఎటూ అచ్చయి ఉన్నాయి కదా అని వాటినీ అన్ని పెట్టెల్లో వేసేశాను. అచ్చు పనివాడికి కాగితం పారెయ్యాలంటే ప్రాణం ఒప్పదు. మనిషి పేరు పారేసేటప్పుడు నాకు చెయ్యి వణకలేదు.

కొన్నాళ్లకి వేరే పని మీద ఉదయగిరి వెళ్లి ఆయన్ని చూద్దామని వీధిలోకి నడిచాను. వాకిట్లో కూర్చుని నోరు మూసిన పులి ఒకటి చెక్కుతున్నారు. ఆయన మోకాలి దగ్గర తోక విరిగిన ఫ్యాక్టరీ పులి ఉంది.

"రా, కూచో. ఇది బెంగుళూరు నించి వచ్చింది. పిల్లకాయ ఏడస్తా ఉండాదంట, కార్డు మీద అడ్రసు చూసి పంపించినారు."

"మీరు చేసింది కాదు గదా మేస్త్రీ" అన్నాను.

"నా ఫోటో ఉండాది గదరా దాంట్లో" అన్నారు. మళ్లీ చెక్కడంలో పడ్డారు. కూతురు టీ తెస్తున్న అలికిడికి ఆ విరిగిన పులిని గోనెపట్ట కిందికి తోసేశారు. అదెందుకో నాకప్పుడు తట్టలేదు. టీ తాగేసి వచ్చాను. రెండేళ్లు మళ్లీ ఆ వీధి ముఖం చూడలేదు.

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం శ్మశానంలో అందరితో పాటు పిడికెడు మట్టి వేసి చేతులు దులుపుకుంటున్నాను. పక్కన ఇద్దరు గరిటెల పనివాళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఎట్టాంటి చెయ్యి. ఆఖర్లో పట్టు తప్పింది పాపం. ఇరిగిన బొమ్మలు పార్సిళ్లలో ఎనక్కి రాలా?"

"ఆయనే చెప్పినాడు గదా, చెయ్యి ఒణుకుతా ఉండాది, నేను చేసినవే ఇరిగినాయి అని."

అంటే నా తప్పుని ఆయన తన చేతి మీద వేసుకున్నారు. నేనే వెళ్లి చెప్తానని చూశారేమో. లేక నా పరువు పోతుందని ఊరుకున్నారేమో. ఏదైనా సరే, దానికి నేను తగను. ఇది చదివేవాళ్లలో ఆ పెట్టె కొన్నవాళ్లుంటే ఒక్కసారి తీసి చూడండి. పులి నోరు తెరిచి ఉంటే అది ఆయన చెయ్యలేదు. ఆయన చేసి పంపింది ఏదీ విరగలేదు. నేను మీకు అబద్ధం అమ్మాను.

శ్మశానం నుంచి వాళ్లింటికి వచ్చేసరికి కూతురు గడప దగ్గర కూర్చుని ఉంది. నేనేమీ అడక్కుండానే చెప్పింది.

"పార్సిలు వచ్చినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేదన్నా. పార్సిలు తనే ఇప్పి, ఇరిగిందాన్ని మాకు చూపించకుండా పొయ్యిలో ఏసేవాడు. పోయినేడు నేనే ఆయన చేతిలోంచి బాడిస తీసేసుకున్నా. ఇంక చెక్కబాక నాయనా, పేరు పోతా ఉండాది, ఉప్పుకాగితం పట్టుకోని రుద్దు చాలని చెప్పినా. ఎదురు చెప్పలా. తర్వాత వచ్చినోళ్లకి నేనే చేసి పంపినా, మా నాయన పెద్దోడైనాడు, తప్పనుకోబాకండని రాసి."

అప్పుడు చెప్పాను. ఫ్యాక్టరీ, అబద్ధం, కార్డులు, అన్నీ. ఆమె తిడితే బాగుండేది. ఒక్క మాటే అడిగింది.

"ఆయనుండగా చెప్పకపోతివే?"

ఆమె లేచి లోపలికి వెళ్లింది. వాకిట్లో నేనొక్కణ్ణే మిగిలాను. గోడ వారన వెదురు బుట్టలో గరిటెలు ఉన్నాయి, వింజమూరు షాపులకి పోవలసినవి. ఏడాదిగా ఆయన ఉప్పుకాగితం పట్టి రుద్దినవి. చెయ్యి వేస్తే జారిపోయేంత నున్నగా ఉన్నాయి. బుట్ట నిండా ఉన్నా, వాటిలో ఆయన చెక్కింది ఒక్కటీ లేదు.